బోరు కొలత, అడవి హద్దు: గోదావరి మన్యంలో వేట తుపాకి, తూటా, చట్టం

ప్రస్తావన

తెలుగు కావ్యాల్లో వేటకు పెద్ద చోటే ఉంది. మనుచరిత్రలో స్వరోచి వేట, కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని వేట సాహిత్య విద్యార్థులకు సుపరిచితాలు. వలలు, ఉరులు, వేటకుక్కలు, విల్లంబులు, మాటు, గురి, జాడ వంటి పదజాలం మీద కవులకు గట్టి పట్టు ఉండేది. తుపాకి వచ్చిన తరువాత ఆ పదజాలానికి ఏమైందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కావ్యాల్లో కంటే చట్టాల్లోనూ, జిల్లా గెజిటీర్లలోనూ, జనం నోట నిలిచిన నాలుగైదు మాటల్లోనూ ఎక్కువగా దొరుకుతుంది.

ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దును ఆధారం చేసుకొని ఆ జవాబును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆధునిక వేట తుపాకి చరిత్రలో ‘వైల్డ్‌క్యాట్’ అనే తూటా జాతి ఒకటుంది. ఏ కర్మాగారమూ అచ్చంగా తయారు చేయని తూటా అది. దొరికే తూటా తొడుగును తీసుకొని దాని మెడనో భుజాన్నో మార్చి, ఆ మార్పుకు తగ్గట్టు తుపాకి గొట్టాన్ని తొలిపిస్తారు. అమెరికా వేటగాళ్లు దీన్ని తమ చేతిపనికీ స్వేచ్ఛకూ గుర్తుగా చెప్పుకొంటారు. అదే కాలంలో గోదావరి మన్యంలో కమ్మరి కొలిమి దగ్గర తయారైన నాటు తుపాకి కేసు కాగితాల్లోకి ఎక్కింది. ఈ రెంటి నడుమ లండన్ తుపాకి దుకాణాలు చేసిన మూడో పని ఒకటుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, భారతదేశంలో తుపాకి బోరు కొలతను వేటగాని అవసరం కంటే పాలకుల భయమే ఎక్కువగా నిర్ణయించిందని తెలుస్తుంది.

మాటల సాక్ష్యం

‘తుపాకి’ అన్యదేశ్యం. తురుష్క, పారశీక భాషల మీదుగా దక్షిణ భాషల్లోకి దిగి తమిళ కన్నడాల్లోనూ దాదాపు ఇదే రూపంలో స్థిరపడింది. ‘ఫిరంగి’ది ఇంకా చిత్రమైన ప్రయాణం. ఐరోపావారిని సూచించే ‘ఫరంగి’ అన్న జాతివాచకం తెలుగులో ఆ జాతి వెంట వచ్చిన ఆయుధానికి పేరైంది. ‘షికారు’ మాట దీనికి ఎదురు దారిలో నడిచింది. పారశీకంలో వేట అని అర్థమిచ్చే ఆ మాటకు నేటి తెలుగులో సరదాగా తిరిగిరావడం అని అర్థం. వేట కొందరికి వినోదంగానూ, మిగిలినవారికి నిషేధంగానూ మారిన చరిత్ర ఈ అర్థపరిణామంలో కొంత దాగి ఉందనుకోవచ్చు.

అసలు గమనించవలసిన మాట ‘తూటా’. తుపాకి శాస్త్రంలో నాలుగు వస్తువులు వేర్వేరు: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే టోపీ, లోపలి మందు, ముందు కూర్చున్న గుండు. తెలుగులో తూటా ఈ నాలుగూ కలిసిన వస్తువుకూ పేరే, దేహంలో దిగబడే గుండుకూ పేరే. ‘తూటాలు పట్టుబడ్డాయి’ అన్నప్పుడు మొదటి అర్థం, ‘తూటా తగిలింది’ అన్నప్పుడు రెండో అర్థం. తొడుగుకు విడిగా జనవ్యవహారంలో స్థిరపడిన తెలుగు మాట లేదు. ఇది భాషకున్న లోపం కాదు. జనం చేతిలో ఉన్న తుపాకికి తొడుగే అవసరం లేదు. మూతి నుంచి మందు పోసి, గుండు దించి, ఊచతో దట్టించే తుపాకి అది. అందుకే ‘మందు’, ‘గుండు’, ‘దట్టించు’ వంటి మాటలు తెలుగులో సహజంగా ఒదిగాయి. సురేకారానికి పెట్లుప్పు అన్న అచ్చతెలుగు పేరు ఏర్పడింది. నింపి కొట్టేది అన్న అర్థంలో హిందుస్తానీ నుంచి వచ్చిన ‘భర్మారు’ తెలంగాణలో ‘బర్మారు తుపాకి’గా వాడుకలో నిలిచింది. తొడుగు తూటా మాత్రం పోలీసుతో, దొరతో వచ్చింది. దాని భాగాల పేర్లు ఊళ్లోకి దిగలేదు.

ఈ తేడా కేవలం మాటలది కాదు. మూతి నుంచి నింపే తుపాకి గలవాడు మందు ఎవరి దగ్గర కొన్నా, గుండు ఎక్కడ పోయించుకున్నా తుపాకి పేలుతుంది. తొడుగు తూటా తుపాకి గలవాడు కర్మాగారం మీద ఆధారపడక తప్పదు. తూటా అమ్మకాన్ని ఆపితే తుపాకి ఉత్త ఇనుప కడ్డీ. పాలకులకు ఈ సంగతి బాగా తెలుసు.

రెండు గట్లు, రెండు ఏలుబడులు

భద్రాచలం, ఖమ్మం నేడు పక్కపక్క ఊళ్లుగా తోస్తాయి గానీ చాలాకాలం అవి రెండు రాజ్యాలవి. గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం ప్రాంతాన్ని 1860లో నిజాం బ్రిటిష్ వారికి అప్పగించాడు. అది మొదట ఎగువ గోదావరి జిల్లాగా మధ్యపరగణాల్లో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది. కుడి గట్టున పాల్వంచ, ఖమ్మం అడవులు నిజాం ఏలుబడిలోనే మిగిలాయి. బ్రిటిష్ ఇండియా చట్టాలు నది దాటి నేరుగా వర్తించవు. ఒకే కోయ బంధువర్గం నదికి అటూ ఇటూ ఉన్నా, వారి చేతి ఆయుధాన్ని ఒక గట్టున ఒక సర్కారు, ఇంకో గట్టున ఇంకో సర్కారు లెక్కించేవి.

దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద 1870ల్లో ఇండియన్ ఆంటిక్వరీలో రాసిన వ్యాసాలు, హైమెండార్ఫ్ 1945లో ప్రచురించిన కొండరెడ్ల అధ్యయనం ఈ ప్రాంత జీవితానికి తొలి లిఖిత ఆధారాల్లో ముఖ్యమైనవి. కోయలకు వేట విత్తనంతో ముడిపడినది. విత్తనాల పండుగ సందర్భంగా ఊరి మగవారంతా కలిసి అడవికి వెళ్తారు. వేట దొరకడం పంటకు శుభసూచన. ఆ వేటలో పాల్గొనేది ఊరంతా. ఒక్కడు ఒక్క తుపాకితో దూరం నుంచి గురిచూసే వేట దీనికి పూర్తిగా భిన్నం. ఆ రెండో రకం వేటకు నిజాం రాజ్యంలో ప్రసిద్ధమైన చిత్రం 1902 నాటిది. వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ శిబిరంలో చంపిన పులి వెనుక నిలబడి ఉండగా రాజా దీన్‌దయాళ్ స్టూడియో ఆ ఫొటో తీసింది. నెక్కొండ నుంచి రైలు మార్గం నేరుగా ఖమ్మం వైపు వస్తుంది. వేట సాగించే అడవి ఒకటే అయినా, వేటకు అర్హత మాత్రం ఒకటి కాదు.

ఆ అర్హతను రాతలోకి తెచ్చింది లిట్టన్ వైస్రాయ్‌గా ఉండగా వచ్చిన 1878 ఆయుధ చట్టం. లైసెన్సు లేనిదే తుపాకి ఉండరాదన్న నియమం దేశీయులకు వర్తించగా, ఐరోపావారికి మినహాయింపు లభించింది. 1887లో మద్రాసులో జరిగిన మూడో కాంగ్రెసు మహాసభ ఈ చట్టాన్ని సవరించాలని తీర్మానించింది. చట్టం వచ్చిన మరుసటి ఏడే, 1879 మార్చిలో, రంప పితూరీ మొదలై జూలైకల్లా భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. పితూరీకి కారణం ఆయుధ చట్టమని అనడానికి వీల్లేదు. కల్లు మీద చిగురుపన్ను, మన్సబుదారు దౌర్జన్యం, రేకపల్లిలో పోడు మీద ఆంక్షలు, పెరిగిన శిస్తు దానికి కారణాలని గెజిటీరూ, తరువాతి చరిత్రకారులూ చెప్పారు. అయితే ఆ పితూరీని అణచడానికి మద్రాసు పదాతి దళాలు ఆరు రెజిమెంట్లు కదలవలసివచ్చింది. కొండమనిషి చేతిలోని తుపాకి వేట వస్తువా, యుద్ధ వస్తువా అన్న అనుమానం ఆ తరువాత అధికారుల మనసు నుంచి తొలగలేదు.

తొడుగు మార్చిన తూటా

ఆ అనుమానానికి మూలం మన్యం కంటే పాతది. 1857 తిరుగుబాటు తరువాత దేశీయ సిపాయిలకు ఇచ్చిన ఎన్‌ఫీల్డ్ తుపాకుల గొట్టాల్లోని మెలి గాళ్లను తొలిచేసి నున్నగా చేశారు. గాళ్లు లేని గొట్టం నుంచి వెళ్లిన గుండు దూరం పోదు, గురి నిలవదు. తుపాకి చేతికిచ్చి చూపు తగ్గించడమన్న మాట. ఇరవయ్యో శతాబ్దిలో ఇదే పద్ధతి తూటా కొలతల మీదికి మళ్లింది.

1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలోనూ సూడాన్‌లోనూ .450 బోరు వేట తుపాకులను నిషేధించింది. పాత మార్టినీ హెన్రీ సైనిక తుపాకులు అప్పటికి చాలామంది చేతుల్లోకి వెళ్లాయి. వేటగాళ్ల గుండ్లు వాటికి పనికొస్తాయన్నది భయం. సైన్యం వాడే .303 తూటా కూడా పౌరులకు నిషిద్ధమైంది. ఈ నిషేధం లండన్ తుపాకి పనివారికి కొత్త పని కల్పించింది. భారతదేశంలో పులినీ, అడవిదున్ననూ వేటాడే దొరలకు తుపాకులు అమ్మాలి, కానీ నిషిద్ధ కొలత ఉండరాదు. హాలండ్ అండ్ హాలండ్ సంస్థ .500 తొడుగు మెడను నొక్కి .465 గుండుకు సరిపెట్టింది. .470, .475, .476 కొలతలు .450 వదిలిన ఖాళీలో నిలదొక్కుకున్నాయి. బలంలో వీటికీ పాత .450కీ చెప్పుకోదగ్గ తేడా లేదు. జంతువుకు ఆ తేడా తెలియదు. తేడా తెలిసింది కస్టమ్స్ గుమాస్తాకే.

రెండో ఉదాహరణ సామాన్య లైసెన్సుదారుకు మరింత దగ్గరది. .303 తుపాకి పౌరునికి కుదరదు గనుక, బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ సంస్థ అదే లీ ఎన్‌ఫీల్డ్ దేహంలో ఆస్ట్రియా సైన్యపు పాత 8×50 మన్లిషర్ తూటాకు చాంబరు తొలిచి భారత విపణికి పంపింది. దాని పేరు .315. దేహం మారలేదు, నోరు మారింది. స్వాతంత్ర్యం తరువాత ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం తయారు చేసిన .315 స్పోర్టింగ్ రైఫిల్ ఆ వారసత్వమే. ఆస్ట్రియా సామ్రాజ్యం పోయింది, ఆ తూటా వాడిన సైన్యం పోయింది. ఒక బ్రిటిష్ భయం మూలంగా ఆ తూటా మాత్రం భారతదేశంలో ప్రామాణిక వేట తూటాగా బతికింది.

మూడోది పాలకులు స్వయంగా చేసిన మార్పు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి కాలంలో పోలీసులకూ జైలు కాపలావారికీ ఇవ్వడానికి .303 తుపాకులను ఇషాపూర్‌లో .410 మస్కెట్లుగా మార్చారు. .303 తొడుగును మెడ నొక్కకుండా నిటారుగా వదిలేస్తే వచ్చే తూటా దానిది. గొట్టం నున్నన, తూటాల గూటిలో కొయ్య దిమ్మ, ఒకసారి ఒక్క తూటా. ఆ తుపాకి తిరుగుబాటుదారుల చేతికి చిక్కినా సైన్యపు తూటాతో అందులో గురి కుదరదు. వైల్డ్‌క్యాట్ తూటాకు సాంకేతికంగా ఇంతకంటే దగ్గరి ఉదాహరణ భారతదేశంలో లేదనవచ్చు. ఉద్దేశం మాత్రం తలకిందులు. అమెరికా పనివాడు తుపాకి శక్తి పెరగడానికి తొడుగు మార్చాడు, ఇషాపూర్ తగ్గడానికి మార్చింది.

అమెరికా పనివాని పద్ధతిని ఇక్కడ కొంత వివరించాలి. టౌన్‌సెండ్ వీలన్ పేరున్న .35 తూటా 1922 నాటిది. సైన్యపు .30-06 తొడుగు మెడను వెడల్పు చేసి పెద్ద గుండు కూర్చారు. పెద్ద జంతువుల వేటకు అది అవసరమన్నది వాదన. అటువంటి తూటాకు తుపాకి కట్టాలంటే మొదట ఆ తొడుగు ఆకారంలో తొలిచే రీమరు కావాలి. దానితో గొట్టం వెనుక భాగంలో చాంబరు తొలుస్తారు. తలుపు మూసినప్పుడు తొడుగుకూ తలుపుకూ మధ్య మిగిలే సందును గేజితో కొలుస్తారు. ఆ సందు తప్పితే తొడుగు చిట్లి పేల్చినవాని ముఖానికే ప్రమాదం. తొడుగు భుజం ఆకారాన్నే మార్చిన తూటాల్లో, మొదటిసారి పేలినప్పుడు ఇత్తడి వ్యాకోచించి చాంబరు ఆకారానికి ఒదుగుతుంది. ఆ మీదటే అది ఆ తుపాకి సొంత తూటా అవుతుంది. ఇంత పనికీ పనిముట్లు కొనగల స్తోమత, ఇంట్లో మందు ఉంచుకొనే హక్కు, తప్పు జరిగితే నేరం కాదన్న భరోసా అవసరం. కొన్ని దశాబ్దాల తరువాత రెమింగ్టన్ సంస్థ .35 వీలన్‌ను తన జాబితాలో చేర్చుకొన్నాక అది వైల్డ్‌క్యాట్ కాకుండా పోయింది. అమెరికాలో అనధికారికమైనది అధికారికం కావడానికి ఒక దారి ఉండేది.

గోదావరి మన్యపు కమ్మరికి ఆ దారి లేదు. గొట్టం కొలత చేతికి దొరికిన ఇనుమును బట్టి, గుండు ఆ గొట్టాన్ని బట్టి. ఏ రెండు నాటు తుపాకులూ ఒక్క కొలతలో ఉండవు. ఒక తుపాకికి ఒకే గుండు, ఒకే దట్టింపు కుదురుతాయన్న నియమాన్ని వైల్డ్‌క్యాట్ పనివాడు ఎంత నమ్ముతాడో, ఈ కమ్మరీ అంతే నమ్ముతాడు. నైపుణ్యంలో ఇద్దరూ సమానులని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. నాటు తుపాకి గొట్టం పగిలి వేళ్లు పోగొట్టుకొనే ప్రమాదం నిజమైనదే. అయినా ఒక పనికి ఆవిష్కరణ అన్న పేరూ, మరో పనికి అక్రమ ఆయుధ తయారీ అన్న పేరూ రావడం కేవలం పనితనపు తేడా వల్ల కాదు.

1922: తుపాకులు ఇరవై ఆరు

వీలన్ తూటా పుట్టిన 1922లోనే మన్యంలో తూటాల లెక్క చరిత్రకెక్కింది. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను వరుసగా ముట్టడించింది. మూడింట దొరికినవి 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు. దాడి జరిగిన చోట్లు భద్రాచలానికి తూర్పున, గూడెం, రంప కొండల్లో ఉన్నా, భద్రాచలం తాలూకా అదే కొండల వరుసకు కొనసాగింపు. పాలనలో కూడా అది చోడవరం, ఎల్లవరం, పోలవరాలతో పాటు గోదావరి ఏజెన్సీలో ఉండేది.

ఆ లెక్కను జాగ్రత్తగా చదవాలి. తుపాకి ఒక్కింటికి నూరు తూటాలకు లోపే. వేటకైతే అది ఏళ్ల తరబడి సరిపడే సంపద. ప్రభుత్వంతో పోరుకైతే కొన్ని గంటల కాల్పులు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు దళం కాల్పుల్లో చనిపోయారు. ఆ తరువాత పోరు సాగినకొద్దీ పేలిన ప్రతి తూటా మళ్లీ రానిది. తూటా చేసే కర్మాగారం కొండల్లో లేదు. ఒక్క తుపాకిని సంపాదించడం కంటే దాని తిండి సంపాదించడం కష్టమైన యుద్ధం అది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చింది. మే 7న రాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. బోరు కొలతల మీద పాలకులు కట్టిన గోడ ఎందుకోసమో ఈ రెండేళ్ల కథ విడమరచి చెబుతుంది.

తెలుగు సాహిత్య, చిత్రకళా స్మృతిలో మాత్రం రాజు చేతిలో విల్లంబులే నిలిచాయి. విగ్రహాలు, కేలండర్ బొమ్మలు, 1974 నాటి చలనచిత్రం ఆయనను విలుకానిగానే చూపాయి. మన్యం యోధుల చేతిలో విల్లు ఉన్నమాట నిజం. అయితే ముట్టడులు ఆయుధాగారాల కోసమే జరిగాయన్న సంగతి ఆ బొమ్మల్లో మరుగున పడింది. విల్లు పురాణ గౌరవాన్నిచ్చింది, పేరులోని రాముడు దానికి తోడయ్యాడు. తుపాకిని వీరుని చేతిలో చూపడానికి తెలుగు కల్పన తటపటాయించిందని అనుకోవచ్చు. ఇది పరిశోధకులు విడిగా పరిశీలించదగిన అంశం.

తెలంగాణ జానపదంలో తుపాకికి ఇంకొక రూపముంది. పగటివేషాల్లో ‘తుపాకి రాముడు’ ఖాకీ తొడుక్కొని, కొయ్య తుపాకి భుజాన వేసుకొని ఊళ్లోకి వచ్చి, తాను సాధించిన ఘనకార్యాలను కోతలు కోస్తూ నవ్విస్తాడు. ఆయుధం చేతబట్టిన అధికారిని ఊరు ఇలా అనుకరించి ఎగతాళి చేసింది. నేటికీ గొప్పలు పోయేవానికి తెలంగాణలో అదే పేరు. సాయుధ పోరాట కాలంలో ఇదే నేలలో నవ్వుకు తావు లేని తుపాకి వచ్చింది. వడిసెలతో, బర్మారుతో మొదలై, 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత పాల్వంచ, ఇల్లెందు అడవుల్లోకి మళ్లిన దళాల చరిత్రను పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి తన గ్రంథంలో వివరంగా రాశారు.

1959 తరువాత

1953 అక్టోబరు 1న ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పు గోదావరి నుంచి విడివడి అందులో కలిశాయి. గోదావరి రెండు గట్లూ ఒకే కలెక్టరు కిందికి వచ్చిన ఆ ఏడాదే పార్లమెంటు కొత్త ఆయుధ చట్టాన్ని ఆమోదించింది. 1962 అక్టోబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. బోరును బట్టి విభజన నిలిచింది. .303 నిషిద్ధ బోరు, .315 అనిషిద్ధ బోరు. 1907 నాటి లండన్ దుకాణపు లెక్క స్వతంత్ర భారత లైసెన్సు పుస్తకంలో ఇలా కొనసాగింది. తుపాకిని తయారు చేయడం, మార్చడం, బాగుచేయడం కూడా 5వ సెక్షన్ కింద లైసెన్సుకు లోబడినవే. కనుక చాంబరు తొలిపించి సొంత తూటాకు తుపాకి కట్టుకోవడమన్నది ఇక్కడి లైసెన్సుదారుకు తలపెట్టే వీలు లేని పని.

అదే చట్టంలో 13వ సెక్షన్ దగ్గర ఒక చిన్న వాక్యభాగం ఉంది. పంట కాపలా కోసం మూతి నుంచి నింపే తుపాకి అడిగిన పౌరునికి లైసెన్సు ఇవ్వాలని అది చెబుతుంది. తొడుగు లేని, ప్రామాణికమైన బోరు లేని ఆ పాత తుపాకికి చట్టం పొలం గట్టున చోటిచ్చింది. కొలిమి దగ్గర తయారైనది మాత్రం ఆ చోటులోకి రాదు, లైసెన్సున్న తయారీదారుదే రావాలి. చేను పంది పాలవుతున్నప్పుడు కోయ రైతు ఎవరి దగ్గరికి వెళ్తాడో, జిల్లా కేంద్రంలోని దుకాణమా, పక్క గూడెం కమ్మరా అన్నది దూరాన్ని బట్టీ డబ్బును బట్టీ తేలే సంగతి.

ఆ పైన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1977లో కిన్నెరసాని, మరుసటి ఏడాది పాపికొండలు అభయారణ్యాలయ్యాయి. 2014లో భద్రాచలం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసి మళ్లీ ఒక హద్దు పడినా, ఈ రెండు చట్టాలూ కేంద్రానివే గనుక రెండు వైపులా ఒక్కటే. చట్టం షెడ్యూళ్లలో అడవిపందికీ రక్షణ ఉంది. అధికారి అనుమతి లేకుండా దాన్ని చంపడం నేరం. పంట కాపలాకు లైసెన్సు పొందిన తుపాకి చేతిలో ఉన్నవాడు మంచె మీద కూర్చొని, మందు దట్టించి, గుండు వేయకుండానే గాలిలోకి పేల్చి పందులను బెదరగొట్టగలడు.